సువర్ణ పేరున చేసిన మనవి

"ఆమెన్" అని ప్రమీలమ్మ కళ్లు తెరిచేసరికి సువర్ణ గుమ్మంలో నిలబడి ఉంది.

పెరట్లో వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చింది. చెంపల మీద నీళ్లు ఇంకా ఆరలేదు. ఆమె ప్రమీలమ్మను చూడటం లేదు, అత్త గంగమ్మనూ చూడటం లేదు. బల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్‌నూ, దాని మీద ఆనించి ఉన్న ఆడవాళ్ల చేతులనూ చూస్తోంది.

"చేతులు తియ్యుండ్రి" అంది.

గొంతు పెంచలేదు. అయినా అందరూ గబుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు. గంగమ్మ ఒక్కతే తియ్యలేదు. కోడలి మొహం చూసి, ఏదో జరిగిందని అర్థమై, ఏం జరిగిందో అర్థం కాక అలాగే ఉండిపోయింది.

సువర్ణ వంగి తెర చూసింది. మైకు బొమ్మ మీద గీత లేదు. గీత ఉంటే ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది, లేకపోతే హైదరాబాద్ పోతుంది. మీటింగ్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ వాంతి ముంచుకొస్తే ఆ గీత పెట్టకుండానే లేచి పరుగెత్తింది. తెర మీద గుండ్రాలు, గుండ్రాల్లో ఇంగ్లీషు అక్షరాలు. ఒక్క మొహమూ లేదు. కానీ ప్రతి గుండ్రం వెనకా ఒక మనిషి చెవి ఒగ్గి కూర్చుని ఉన్నాడు.

 ఒక గుండ్రం వెలిగింది. మేనేజర్ శృతి గొంతు.

"సువర్ణా, ఉన్నావా? మీటింగ్ రేపు పెట్టుకుందాంలే. నువ్వు రెస్ట్ తీసుకో."

ఆ గొంతులో జాలి ఉంది. సువర్ణకు వాంతి కన్నా అదే ఎక్కువ వికారం పుట్టించింది. గుండ్రాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"అయ్యో, దాంట్ల మనుషులున్నరా?" అని ప్రమీలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆమెను అని ఏం లాభం! ఎడపల్లిలో చర్చి స్త్రీల సమాజానికి పెద్ద ఆమె. ఎవరికి జ్వరం వచ్చినా తల మీద చెయ్యి పెట్టేది ఆమె. కొత్త ఆటో కొంటే ఆటో మీద, బోరు వేయిస్తే బోరు గొట్టం మీద చేతులుంచి ప్రార్థన చెయ్యడం వాళ్ల అలవాటు. కోడలి నౌకరి అంతా ఆ డబ్బాలోనే ఉందని గంగమ్మ చెబితే, ఆ ఇంట్లో గురువారం ప్రార్థన కూడికకు వచ్చిన ఆడవాళ్లంతా వెళ్లి ఆ డబ్బా మీదే చేతులుంచారు. గుండ్రాల్లో అక్షరాలను చూసి అవి అక్షరాలనే అనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు.

ప్రమీలమ్మ ప్రార్థనంటే వీధి చివరికి వినపడుతుంది. సువర్ణ కూడా పెరట్లో కుళాయి కింద తల పెట్టి సగం విన్నది. "ప్రభువా, ఈ బిడ్డ కడుపు మళ్ల పండించినవ్. మూడో నెల నడుస్తున్నది. పోయినసారి లెక్క కాకుండ కాపాడు. హైద్రాబాద్ రమ్మంటున్న ఆ మేనేజరమ్మ గుండె ఫరో గుండె లెక్క గట్టిపడ్డది, దాన్ని కరగదియ్యి. ఈ మిషినీని ఈ ఇంట్లనే స్థిరపరచు."

జనాన్ని పోనివ్వని బైబిలు రాజు ఫరో అని పేరు పెట్టించుకున్న మేనేజరమ్మ అదంతా మొదటి నుంచి చివరిదాకా విన్నది.

ఆడవాళ్లు టీ తాగకుండానే వెళ్లిపోయారు. ప్రమీలమ్మ గుమ్మం దాటుతూ సువర్ణ భుజం తట్టబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకుంది. గంగమ్మ పొయ్యి మీద మరుగుతున్న టీ గిన్నె దించి, మంట ఆర్పి, అక్కడే కత్తిపీట మీద కూర్చుంది. తరగడానికి చేతిలో ఏమీ లేదు.

సువర్ణ వంటింటి గోడకు ఆనుకుని నిలబడింది.

"మూడు నెలలు నిండెదాంక ఎవ్వరికీ చెప్పద్దని నువ్వే గద అత్తమ్మా అన్నది?"

ప్రార్థన మనవి చెప్పుకోవడం వేరు, ఊళ్లోవాళ్లకు చెప్పుకోవడం వేరు అంది గంగమ్మ. సమాజంలో చెబితే దేవునికి చెప్పినట్టే, బయటికి పోదు అంది. పోయింది కదా అంటే, ఆ డబ్బాకు చెవులుంటాయని తనకేం తెలుసు అంది. అంటూనే ఆమె గొంతు తగ్గింది. గంగమ్మ గొంతు తగ్గడం ఆ ఇంట్లో అరుదు. పెద్ద గొంతుతో ఇల్లూ సంఘమూ నడిపే మనిషి.

"ఆఫీసుల చెప్పలేదా నువ్వు?" అని అడిగింది.

"చెప్పలే."

"ఎందుకు చెప్పలే? చెప్తే ఇంటికాన్నే చేసుకొమ్మందురు గద. ఆడదానికి గంత దయ చూపరా?"

అందుకే చెప్పలేదు అనాలని సువర్ణకు నోటిదాకా వచ్చింది. హైదరాబాద్ కంపెనీలో ఆమె పని ఆస్పత్రి బిల్లుల బీమా క్లెయిములు పరిశీలించడం. కరోనా నాడు ఈ ముందు గదిలో మొదలుపెట్టిన పని. ఇప్పుడు కంపెనీ అందరినీ సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మంది. కొత్తగా చేరే పిల్లలకు పని నేర్పడానికి ఒక టీమ్ లీడ్ కావాలి, ఆ మనిషి రోజూ ఆఫీసులోనే కూర్చోవాలి. ఇంతకు ముందు రెండుసార్లు ఆ పదవి వచ్చింది, రెండుసార్లూ ఆఫీసులో కళ్ల ముందు కనపడే వాళ్లకే పోయింది. ఈసారి శృతి ముందుగా సువర్ణనే అడిగింది.

ఇంట్లో వాళ్లకు సగమే తెలుసు. ఆఫీసు రమ్మంటోందనీ, పాపం పిల్ల ఏం చేస్తుందనీ వాళ్లు అనుకుంటున్నారు. మిగతా సగం ఇప్పుడు చెప్పక తప్పదు.

"నేను వస్తనని చెప్పిన అత్తమ్మా. పోయిన వారమే చెప్పిన. వాళ్ల బలవంతం కాదు, నా ఇష్టం."

గంగమ్మ కత్తిపీట మీద నుంచి లేవలేదు. కోడలి వంక తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం కన్నా ముందు ఇంకేదో ఉంది. తాను నెల రోజులుగా ఉపవాసం ఉండి వద్దని అడుగుతున్నది, కోడలే కోరుకుని తెచ్చుకున్నదని తెలిసిన మనిషి చూపు అది.

"బస్టాండ్ల నిన్ను దించుకున్నది నేను" అంది చివరికి. "యాదికున్నదా?"

యాదికి లేకేం. పోయిన ఏడు ఆఫీసు శిక్షణ అని మూడు రోజులు హైదరాబాద్ పోయింది. అప్పుడూ మూడో నెలే. తిరుగు ప్రయాణంలో నిజామాబాద్ దాటాక నొప్పి మొదలైంది. బోధన్ బస్టాండ్‌లో కండక్టర్, ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చిన గంగమ్మ చెరో వైపు పట్టుకుని దించారు. గంగమ్మ తన చీర మీద కప్పుకున్న శాలువా తీసి కోడలి నడుముకు చుట్టి, ఆస్పత్రి చేరేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్రయాణం వల్ల కాదు, పిండం మొదటి నుంచే సరిగా లేదని డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. ఆ మాట సువర్ణ నమ్మింది. గంగమ్మ నమ్మలేదు. ఆమెకు డాక్టరమ్మ మాట కన్నా ఆ శాలువా ఎక్కువ గుర్తు.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో నీకు తెలుసు" అంది సువర్ణ.

"డాక్టరమ్మ చెప్తది. మళ్ల గట్లయితే మోసేది నేను."

 ఆ మాట మధ్యాహ్నమంతా ఇంట్లో తిరిగింది. ఇద్దరూ అన్నం పెట్టుకోలేదు. సువర్ణ ఫోను ఆపేసి ముందు గదిలో పడుకుంది. గంగమ్మ ఆరిన బట్టలు మడిచింది, మడిచినవి విప్పి మళ్లీ మడిచింది.

మర్నాడు పొద్దున సువర్ణ లాప్‌టాప్ తెరవగానే శృతి పిలిచింది. ఈసారి ఇద్దరే.

శృతి చెడ్డ మనిషి కాదు. అదే చిక్కు. నిన్న విన్నది ఎవరూ బయట అనకూడదని టీమ్‌కు గట్టిగా చెప్పానంది. తన మీద ప్రార్థన చేసినందుకు కోపం లేదని నవ్వింది. తర్వాత శుభవార్త చెబుతున్న గొంతుతో అసలు సంగతి చెప్పింది. పై వాళ్లతో మాట్లాడిందట. ఆరోగ్య కారణం కింద సువర్ణకు ఇంటి నుంచే పని చేసుకునే వీలు ఇచ్చారట. కాన్పు అయ్యాక కూడా అంతే. ఆఫీసు ముఖం చూడక్కర్లేదు.

"మరి లీడ్?" అని అడిగింది సువర్ణ.

"అది ఆఫీసులో కూర్చునే పని కదా. అఖిలేష్‌కు ఇద్దామనుకుంటున్నాం. సోమవారం ప్రకటిస్తాం."

"నన్నొక్క మాట అడగాల్సింది మేడమ్."

"అడుగుదామనే నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. నీది స్విచాఫ్ ఉంది. ఆఫీసులో నీ పేరు కింద మీ వారి నంబరు ఉంది కదా, ఆయనతో మాట్లాడాను. సువర్ణ రాదండీ, ఇంట్లోనే చేస్తుంది, అదే చాలు అన్నారు. నువ్వే చెప్పించావనుకున్నాను."

 సోమవారం పొద్దున దాకా ఆగగలరా అని సువర్ణ అడిగింది. శృతి కొంచెం తటపటాయించి, సరే, తొమ్మిదింటికల్లా నువ్వు నా ఎదురుగా ఉంటే ఆ కుర్చీ నీదే, లేకపోతే అఖిలేష్‌ది అంది. జాగ్రత్తగా ఉండమని కూడా చెప్పింది.

సువర్ణ భర్త విజయ్ పాల్‌కు బోధన్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తాడు. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చి, అమ్మ చెప్పింది అంతా విని, భార్య చెప్పింది అంతా విని, ఇద్దరిదీ నిజమే అని పడుకున్న మనిషి. అంతటి న్యాయమూర్తి జేబులో ఈ ఫోను సంగతి పెట్టుకుని నిద్రపోయాడు.

సువర్ణ అన్నం వడ్డించింది. పప్పు వేసింది. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగింది.

"శృతి మేడమ్‌తోని మాట్లాడినవట గద?"

 చెబుదామనుకున్నానన్నాడు. దుకాణంలో గిరాకీ ఉండగా ఫోను వచ్చిందన్నాడు. ఆమె అంత మంచిగా మాట్లాడుతుంటే తనకు ఏం అనాలో తోచలేదన్నాడు. మాటలు తిరిగి తిరిగి ఒక చోటికి వచ్చాయి.

"భయమైంది సువర్ణ. గంతే. మళ్ల గా ఆస్పత్రి బయట కూసునుడు నాతోని కాదు."

"భయమైతే నాకు చెప్పాలె. మేడమ్‌కు కాదు."

"నీకు చెప్తే వింటవా?"

"వినకపోదును. గని నా నోరు నాకుండు గద."

గంగమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. కంపెనీ ఇంట్లోనే ఉండమందని అప్పుడే ఆమెకు తెలిసింది. మొహం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగును దాచుకోవాలని ఆమెకు తోచలేదు. దేవుడు విన్నాడు అంది. చేతులు జోడించి పైకి చూసి, కళ్ల నీళ్లు తుడుచుకుని, ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాలి, ప్రమీలమ్మకు ఇప్పుడే చెప్పి వస్తాను అంది.

"అత్తమ్మా" అంది సువర్ణ. "జర కూసో."

గంగమ్మ కూర్చోలేదు గానీ ఆగింది.

"పోయినసారి గట్లయినంక నేను ఎన్నో దినం పనిల కూసున్ననో ఎర్కేనా నీకు? వారం గూడ కాలే. ఆఫీసుల ఎవ్వరికి చెప్పలే, వాళ్లూ అడగలే. అడగాలంటే మొకం కనపడాలె గద. పొద్దంత బిల్లులు చూసుడు. మీటింగ్ల నన్ను పిలిస్తే మాట్లాడుడు, అయిపోంగనే మ్యూట్ పెట్టుకొని ఏడ్సుడు. మళ్ల పిలిస్తే మళ్ల మాట్లాడుడు. గా ముంగటి అర్రల నేను పిచ్చిదాని లెక్కయిన."

"నేను లేనా ఇంట్ల?" అంది గంగమ్మ. నొచ్చుకుంది.

"ఉన్నవ్. గని నువ్వు గూడ ఏడుస్తనే ఉన్నవ్ గద అత్తమ్మా. నీ ముంగట నేనెట్ల ఏడుద్దు?"

  గంగమ్మ చెప్పులేసుకుని ప్రమీలమ్మ ఇంటికి వెళ్లింది. ఆ మాట ఆమెకు తగల్లేదని కాదు. తగిలిన చోట చెయ్యి పెట్టి చూసుకోవడం ఆమెకు అలవాటు లేదు. ఆమెకు తెలిసింది ఒక్కటే, పిల్ల బస్సెక్కకూడదు.

సువర్ణకు మాత్రం ధైర్యం ఉందనుకుంటున్నారా? శుక్రవారం, శనివారం నాలుగుసార్లు సంచి సర్దింది, నాలుగుసార్లు విప్పింది. బస్సు అనుకోగానే బోధన్ బస్టాండ్ గుర్తుకొచ్చేది. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగింది. ఈసారి అంతా సవ్యంగా ఉందనీ, ప్రయాణానికి అడ్డేమీ లేదనీ, నిదానంగా వెళ్లమనీ ఆమె చెప్పింది. ఆఫీసు పక్కనే హాస్టల్ కూడా చూసి పెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. పోయి రా అనే మనిషి ఒక్కరు లేరు. ఎవరూ అనకపోయినా పోవచ్చు, ఎవరు ఆపుతారు? కానీ ఏమైనా జరిగితే, పోవద్దన్నా పోయింది అనే మాట ఆ ఇంట్లో ఆమెతో పాటు బతికినంత కాలం ఉంటుంది. ఆ మాటకు ఆమెకు బస్సు కన్నా ఎక్కువ భయం.

శనివారం పొద్దుగూకే వేళ మామ దేవదాస్ పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సువర్ణ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. రోడ్డు మీద చెరుకు లారీ ఒకటి పోతోంది. ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉన్న కాస్త చెరుకూ ఎక్కడెక్కడికో పోతుంది. దేవదాస్ ఆ ఫ్యాక్టరీలో మిల్లు దగ్గర పనిచేసిన మనిషి. మాటకారి కాదు. మూడు రోజుల గొడవలో ఒక్క మాట అనలేదు. ఆయన ఏమనుకుంటున్నాడో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

లారీ పోయేదాకా చూసి, అడగకుండానే చెప్పుకొచ్చాడు. ఫ్యాక్టరీ ఆగిపోయాక ఒక సేటు తనకు గోదాంలో కావలి పని ఇప్పించాడట. తేలిక పని. కుర్చీ, ఫ్యాను, ఒక తాళం. మోకాళ్ల నొప్పి అని చెప్పి నెల తిరక్కుండా మానేశాడు. ఇంట్లో అందరూ మోకాళ్లనే నమ్మారు.

"మోకాళ్లు కాదు బిడ్డా" అన్నాడు. "పొద్దంత ఒక్క మనిషి గొంతు వినపడకపోయేది. మిల్లు కాడ గా మోతల గూడ ఒకల్లకొకలం మాట్లాడుకునేటోళ్లం. గోదాంల నా అంతట నేనే మాట్లాడుకునుడు షురూ అయింది. భయమేసి ఇడిసిపెట్టిన. మీ అత్తకు చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు మామా?"

"ఏమని చెప్తం? కూసొని తినే పని దొరికితే బాధేంది అంటది. తన్ది గూడ తప్పు గాదు."

గ్లాసు కింద పెట్టి లోపలికి పోయాడు. పొమ్మనలేదు, ఉండమనలేదు. అయినా సువర్ణకు ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

ఆదివారం బోధన్ చర్చికి అందరూ ఒకే ఆటోలో పోయారు. గంగమ్మ తెల్ల చీర కట్టుకుంది, కోడలికి తన చేత్తో పూలు పెట్టింది. రెండు రోజులుగా ఆమె కోడలితో మెత్తగా ఉంది. గెలిచిన వాళ్లకు మెత్తగా ఉండటం తేలికే అని సువర్ణ అనుకుంది, అనుకున్నందుకు బాధపడింది కూడా. ఎందుకంటే ఆ పూలు పెట్టే చేతుల్లో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. పోట్లాడటానికి అదే పెద్ద అడ్డం.

పాటలు అయ్యాయి. సాక్ష్యాల వేళ వచ్చింది. ఆ వారం దేవుడు చేసిన మేలు చెప్పుకునే వాళ్లు లేచి చెబుతారు. తర్వాత మనవులు. ఎవరికి ఏ కష్టం ఉన్నా సంఘం ముందు చెప్పుకుంటారు, అక్కడికక్కడే ఒకరు లేచి ఆ మనవి మీద ప్రార్థన చేస్తారు. ఇళ్లల్లో ప్రమీలమ్మ చేసినా, చర్చిలో ఎడపల్లి వాళ్ల మనవి మీద ఏళ్లుగా ప్రార్థన చేసేది గంగమ్మే. ఎంత చిన్న మనవైనా, ఎవరిదైనా, కాదనడం ఆ చర్చిలో లేదు.

"మన సువర్ణమ్మ జీవితంలో దేవుడు గొప్ప కార్యం చేశాడని ప్రమీలమ్మగారు చెప్పారు. వచ్చి సాక్ష్యమివ్వమ్మా" అన్నాడు పాస్టరు అయ్యగారు.

సువర్ణ లేచింది. ముందుకు పోలేదు. అత్త పక్కనే, ఉన్న చోటే నిలబడింది. 

"అందరికీ వందనాలు" అంది. "మా అత్తమ్మ సాక్ష్యం చెప్పమన్నది. నా దగ్గర సాక్ష్యం లేదు అయ్యగారూ. మనవి ఉన్నది."

గంగమ్మ తల తిప్పి కోడలి వంక చూసింది.

"గురువారం మీరు నా పేరున ఒక మనవి చేసిండ్రు. నా మీది ప్రేమతోనే చేసిండ్రు, నాకు తెలుసు. గని అది నేను అడిగింది కాదు. నాకు రేపు ఆఫీసుకు పోవాల్నని ఉన్నది. నలుగురి నడుమ కూసొని పని చెయ్యాల్నని ఉన్నది. భయం గూడ ఉన్నది. నా కడుపుల బిడ్డ నాకు గావాలె. నా పని గూడ నాకు గావాలె. రెంటి కోసం ప్రార్థన చెయ్యుండ్రి."

 ఒక పసిపిల్ల ఏడవబోతే తల్లి గబుక్కున పాలకు తీసుకుంది. కడుపుతో ఉన్న కోడలు మగవాళ్లందరి ముందూ ఆ మాట నోటితో అనడం ఆ సంఘం ఎరగదు. ప్రమీలమ్మ ఒళ్లోని బైబిల్ వంక చూస్తూ కూర్చుంది.

 ఏం చెయ్యాలో తోచని వేళ మనిషి అలవాటునే పట్టుకుంటాడు. అయ్యగారూ అదే చేశాడు.

"ఈ మనవి కోసం మన గంగమ్మగారు ప్రార్థన చేస్తారు."

అన్నాక ఆయనకూ తెలిసింది తానేం అన్నాడో. వెనక్కి తీసుకోవడానికి లేదు.

గంగమ్మ లేచింది. కొంగు తల మీద కప్పుకుంది. కళ్లు మూసుకుంది. అందరూ తలలు వంచారు. సువర్ణ మాత్రం వంచలేదు, అత్త పెదవులనే చూస్తోంది. పెదవులు విడివడ్డాయి, "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాయి. అక్కడ ఆగాయి. గొంతు ఎత్తితే చర్చి అంతా వినిపించే మనిషి, రెండో మాట కోసం తడుముకుంది. చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"నాతోని కాదు అయ్యగారూ" అంది. "నోటితోని పోనియ్యిమని అడిగి, లోపల వద్దనుకుంటే ఆయనకు తెల్వదా? అబద్ధం ప్రార్థన నేను చెయ్య."

కూర్చుంది. కొంగు మొహం మీదికి లాక్కుంది. సువర్ణకు అత్త మీద ఇన్నాళ్లూ ఉన్న కోపం ఆ క్షణంలో ఎటుపోయిందో తెలియలేదు. దాని చోట వచ్చినది కోపం కన్నా మొయ్యడానికి కష్టంగా ఉంది.

మగవాళ్ల వైపు బెంచీ కిర్రుమంది. దేవదాస్ లేచి నిలబడ్డాడు.

ఆయన పెళ్లయిన నాటి నుంచి ఆ చర్చికి వస్తున్నాడు. ఒక్కనాడు కూడా పైకి ప్రార్థన చెయ్యలేదు. పక్కన కూర్చున్న విజయ్ పాల్ తండ్రి చొక్కా అంచు పట్టుకోబోయి, వదిలేశాడు.

"తండ్రీ" అన్నాడు దేవదాస్. "నాకు ప్రార్థన చెయ్యరాదు. నా కోడలు పనికి పోతనంటున్నది. పోనియ్యి. గా పసిగుడ్డును సల్లగ సూడు. మా ఆమె భయం నువ్వే తియ్యి, నాతోని అయితలేదు. గింతే. ఆమెన్."

మగవాళ్ల వైపు నుంచి ఆమెన్ అని వినిపించింది. విజయ్ పాల్ అన్నాడో లేదో సువర్ణకు తెలియలేదు.

ఆడవాళ్ల వైపు ఒక్క గొంతూ లేవలేదు. ప్రమీలమ్మ దగ్గర నుంచి వెనక వరసలో ముసలవ్వల దాకా అందరూ కళ్లు మూసుకునే ఉన్నారు, చెవులు మాత్రం గంగమ్మ వైపు పెట్టి. ఆమె అంటే వాళ్లంటారు. అయ్యగారు తర్వాతి కీర్తన చెప్పకుండా ఆగాడు. కొంగు కింద గంగమ్మ భుజాలు కదులుతున్నాయి.

సువర్ణ ఇంకా కూర్చోలేదు. మామ పోనియ్యి అన్నాడు, అత్త ఆమెన్ కోసం నిలబడే ఉంది.